నచ్చిన పాటకు సిగ్గెందుకు?

ప్రతి మనిషికీ రెండు అభిరుచులుంటవి. ఒకటి నలుగురిలో చెప్పుకొనేది. రెండవది ఎవరూ లేనప్పుడు కూనిరాగమై బయటపడేది. సభలో అధ్యక్షస్థానం అలంకరించి త్యాగరాజ కృతుల గాంభీర్యాన్ని గురించి గంటసేపు ప్రసంగించిన పెద్దమనిషే, ఇంటికి పోయి కాళ్లు కడుగుకొంటూ ఏ చలనచిత్రంలోనిదో ఒక గంతుల పాట చరణాన్ని పెదవుల నడుమ నలుపుకొంటాడు. పక్కగదిలో అలికిడి కాగానే ఆ చరణం ఆగిపోతుంది. దాని స్థానంలో ఒక చిన్న దగ్గు వినిపిస్తుంది. ఆ దగ్గు పేరే సిగ్గు.

ఇంత అల్పవిషయానికి ఒక వ్యాసం కావలెనా అని కొందరు అడుగవచ్చును. కాని భాషాసాహిత్యాలు బోధించేవారికి ఇది అల్పవిషయం కాదు. బాలుడు బడిలో మొదటి పద్యం వల్లించేనాటికే అతని చెవిలో నూరు పాటలు కాపురముంటవి. అవి టెలివిజనులోనో, తల్లి చేతిలోని ఫోనులోనో, వీధి చివరి పెండ్లిపందిట్లోనో విన్న పాటలు. మాటలోని లయను, ప్రాసను, శ్లేషను అతడు మొట్టమొదట రుచిచూచినది వాటిలోనే. తరగతిగదిలో వాటి ప్రసక్తి రాగానే మనం ముఖం చిట్లిస్తాము. దానివల్ల అతడు నేర్చుకొనేది ఒక్కటే: నాకు నచ్చినది చెప్పుకొనరానిది, చెప్పుకొనదగినది నాకు నచ్చనక్కరలేదు. సాహిత్యబోధకు ఇంతకంటె హాని మరొకటి ఉండదు.

సిగ్గు చెడ్డ గుణమని నేను అనను. అది వివేకానికి తోబుట్టువు. కాని పాటల విషయంలో మన సిగ్గు దారి తప్పినదని నా అభిప్రాయం. పడనక్కరలేని చోట పడుతున్నాము. పడవలసిన చోట పడడం లేదు. ఈ రెండింటి తేడాను నిరూపించడానికి పెద్ద సిద్ధాంతాలు అవసరం లేదు. మనమందరమూ ఎరిగిన ఒక నవ్వుల పాట, దాని పూర్వకథ చాలును.

ముందుగా పడనక్కరలేని సిగ్గు సంగతి చూతాము.

తెలుగులో ‘చాటు’ అనే మాట చమత్కారమైనది. మరుగు అని ఒక అర్థం. ప్రకటించుట అని మరొక అర్థం. చెట్టు చాటున దాగినవాడూ, ఊరంతా చాటింపు వేసినవాడూ ఒకే ధ్వనిని పంచుకొంటారు. ఇక సంస్కృతంలో చాటువనగా ప్రియమైన మాట. ఈ మూడు అర్థాలూ కలిసి మన చాటుపద్యాలలో మూర్తీభవించినవి. కావ్యగౌరవం లేక మరుగున ఉన్నవి, ఐనా నోటినుండి నోటికి ఊరూరా చాటబడినవి, అందరికీ ప్రియమైనవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాటిని ఏరి ‘చాటుపద్యమణిమంజరి’గా కూర్చకపోతే, ప్రబంధాలకు పక్కన కూర్చునే అర్హత వాటికి ఉన్నదని ఎందరు ఒప్పుకొనేవారు?

పాటల చరిత్ర కూడా ఇంతే. పదమూడవ శతాబ్ది నాటికే పాల్కురికి సోమనాథుడు తుమ్మెద పదాలను, గొబ్బి పదాలను, వెన్నెల పదాలను పేర్కొన్నాడు. అవి ఆనాడు జనం నోట మారుమ్రోగుతున్నవన్నమాట. అయినా తరువాతి పండితులు వాటిని సాహిత్యమని తలచలేదు. 1950లలో బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జానపద గేయాలపై పరిశోధన చేసి పట్టం పొందేవరకు, దంపుళ్ల పాటకు విశ్వవిద్యాలయంలో పీట వేయలేదు. క్షేత్రయ్య పదాలను, ఆ తరువాతి జావళీలను భోగంమేళాల పాటలని చెవులు మూసుకొన్న పెద్దల మనుమలే, నేడు కచేరీ చివర జావళి కోసం కుర్చీలు విడువక కూర్చుంటున్నారు. పాట మారలేదు. దాని పక్కన నిలుచున్నవారు మారినారు.

ఈ మార్పు మన కళ్లయెదుటనే మరొకమారు జరిగినది. 2022లో విడుదలైన ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రంలోని ‘నాటు నాటు’ పాటకు మరుసటి సంవత్సరం మార్చిలో ఆస్కారు బహుమతి వచ్చినది. చంద్రబోస్‌గారు రచించి, కీరవాణిగారు బాణీ కట్టిన ఆ పాటను అంతకుముందు గంతుల పాటగా లెక్కించినవారే, బహుమతి వచ్చిన మరునాడు అందులోని పల్లెటూరి ఉపమానాల సొగసును వివరించసాగినారు. సంతోషమే. కాని పరాయి దేశంవారు బంగారు బొమ్మ ఇస్తే తప్ప మన చెవిని మనం నమ్మలేమా? పొరుగువాని చూపు చూచి తెచ్చుకొన్న సిగ్గు, పొరుగువాని చప్పట్లు విని పోయినది. ఇట్టి సిగ్గుకు వేరులేదు. దీనిని గౌరవించనక్కరలేదు.

ఇక నవ్వుల పాట సంగతి.

భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వును ఆరు విధాలుగా విభజించినాడు. స్మితం, హసితం ఉత్తమ ప్రకృతులవి. విహసితం, ఉపహసితం మధ్యములవి. అపహసితం, అతిహసితం అధములవి. పెద్దవారు పలువరుస కనబడకుండ చిరునవ్వు నవ్వవలెను. పక్కలు పట్టుకొని విరగబడి నవ్వుట నీచపాత్రల లక్షణం. ఈ కొలతతో కొలిస్తే, తెలుగువారికి అత్యంత ప్రియమైన నవ్వు అట్టడుగు మెట్టు మీద కూర్చుంటుంది. అది 1957 నాటి ‘మాయాబజార్’ చిత్రంలో ఘటోత్కచుని నవ్వు.

‘వివాహ భోజనంబు’ పాటను ఎరుగని తెలుగు ఇల్లు ఉన్నదనుకోను. ఎస్.వి. రంగారావుగారి విగ్రహానికి మాధవపెద్ది సత్యంగారి కంఠం తోడైనది. పెండ్లివారి కోసం వండిపెట్టిన భక్ష్యాలను చూచి ఒక రాక్షసుడు ఆనందంతో నవ్వడం తప్ప, ఆ పాటలో మరొక విషయం లేదు. తత్త్వం లేదు, విరహం లేదు, ప్రకృతివర్ణన లేదు. గంభీరాభిరుచి గల విమర్శకుడు తన పది ఉత్తమగీతాల పట్టికలో దీనిని చేర్చడానికి సందేహిస్తాడు. కాని విస్తరి ముందు కూర్చున్నప్పుడు అతని నోటికి వచ్చేది ఈ పాటే.

ఈ పాట చలనచిత్రంతో పుట్టినది కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారి కుటుంబంతో మొదలైన నాటకపరంపర మనకు తెలిసినదే. ఆ సురభివారి రంగస్థలం మీద ఈ పాట చిత్రానికి ముందే జనాన్ని నవ్వించినది. అంతకంటె దూరపు చుట్టరికం కూడా దీనికి ఉన్నది. 1922లో ఇంగ్లండులో చార్లెస్ పెన్రోజ్ అనే హాస్యగాయకుడు ‘ది లాఫింగ్ పోలీస్‌మన్’ అనే రికార్డు ఇచ్చినాడు. నవ్వే పోలీసు అని దాని అర్థం. ఎప్పుడూ విరగబడి నవ్వుతూ ఉండే ఒక లావుపాటి పోలీసును గురించిన పాట అది. ఆ పాటను, మన ఘటోత్కచుని పాటను ఒకదాని వెంట ఒకటి విన్నవారికి వరుసలోని పోలిక ఎవరూ చెప్పనక్కరలేకుండ తెలుస్తుంది. చరణం చివర నవ్వే పల్లవి కావడం కూడా రెండింటికీ సమానం.

పరాయి వరుస అనగానే కొందరికి మనసు చివుక్కుమంటుంది. వారికి ఒక సమాధానం. ముత్తుస్వామి దీక్షితులవారు తెల్లవారి బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యం కూర్చి ‘నొట్టుస్వరాలు’ రచించినారు. వాటిలో ‘సంతతం పాహిమాం’ అనే కీర్తన వరుస సాక్షాత్తు ఇంగ్లండు రాజగీతానిది. రాజుకు పాడే వరుసతో శ్యామలాదేవిని స్తుతించిన దీక్షితులవారి వాగ్గేయకారత్వానికి లోటు రాలేదు. కనుక వరుస ఏ దేశందన్నది సిగ్గుపడవలసిన విషయం కాదు. నేను చెప్పబోయేది వేరు.

పెన్రోజ్ పాటకు కూడా అది సొంత వరుస కాదు. దాని మూలం అట్లాంటిక్ సముద్రానికి ఆవల ఉన్నది.

జార్జి డబ్ల్యూ. జాన్సన్ అనే నల్లజాతివాడు బానిసత్వం అమలులో ఉన్న వర్జీనియా రాష్ట్రంలో 1846 ప్రాంతంలో పుట్టినాడు. పెద్దవాడై న్యూయార్కు చేరి, పడవలరేవుల వద్ద ఈలపాటలతో జనాన్ని ఆకర్షించి, వారు విసిరే చిల్లర డబ్బులతో బ్రతికినాడు. 1890 ప్రాంతంలో ఫోనోగ్రాఫు వ్యాపారులు అతనిని పిలిపించి పాడించినారు. అతని పాటలలో రెండు విపరీతంగా ప్రచారమైనవి. ఒకటి ఈలపాట, రెండవది ‘ది లాఫింగ్ సాంగ్’, అనగా నవ్వుల పాట. 1895 నాటికి అమెరికాలో వాటిని మించి అమ్ముడైన రికార్డులు లేవు.

ఆనాటి రికార్డు పద్ధతిని ఇక్కడ చెప్పక తప్పదు. మైనపు గొట్టాల మీద ధ్వనిని ముద్రించేవారు. ఒక మూసనుండి వేలకొలది ప్రతులు తీసే విద్య అప్పటికి రాలేదు. గాయకుని ఎదుట మూడు నాలుగు యంత్రాల గరాటులు అమర్చితే, ఒకసారి పాడినందుకు మూడు నాలుగు ప్రతులు వచ్చేవి. మరి నాలుగు కావలెనంటే అతడు మరల పాడవలసినదే. జాన్సన్ ఒక్కొక్క దినం అదే పాటను యాభైసార్లకు పైగా పాడేవాడు. పాడిన ప్రతిసారీ నవ్వేవాడు. ఒక్కసారి పాడినందుకు కూలి 20 సెంట్లు. అతని జీవితకాలంలో అమ్ముడైన ప్రతులు పాతికవేలనుండి యాభైవేల వరకు ఉంటవని చరిత్రకారుల అంచనా. ఇరవై, ముప్ఫై, నలభై... ప్రతి మారూ అప్పుడే పుట్టినట్లుండవలెను ఆ నవ్వు. నవ్వు కూడా ఇంత చెమటోడ్చే పని కాగలదని భరతునికి తోచి ఉండదు.

ఇంతకూ ఆ పాటలోని నవ్వు ఎవరి మీద? పాడేవాని మీదనే. అతని నల్లని రంగును, నోటి తీరును వెక్కిరించే మాటలే ఆ పాటలోని చరణాలు. తన జాతిని తెల్లవారు ఏ హీనపు మాటలతో పిలిచేవారో, ఆ మాటలనే తన నోట తాను పాడి, వెంటనే విరగబడి నవ్వవలెను. భరతుడు హాస్యాన్ని ఆత్మస్థం, పరస్థం అని రెండుగా చెప్పినాడు. తాను నవ్వితే ఆత్మస్థం. ఇతరులను నవ్విస్తే పరస్థం. జాన్సన్ తాను నవ్వినాడు, ఇతరులను నవ్వించినాడు. కాని ఆ నవ్వు తన మానాన్ని తానే అమ్ముకొన్నందుకు వచ్చిన నవ్వు. ఆనాటి విపణిలో నల్లవాడు గొంతు వినిపించడానికి తెరిచి ఉన్న తలుపు అదొక్కటే అన్నంత ఇరుకైనది. అతడు ఆ తలుపుగుండా తలవంచి ప్రవేశించినాడు. అట్లు ప్రవేశించినవాని గొంతు మాత్రం ఎవరూ వంచలేనిది. నేడు ఆ రికార్డు వినేవారికి మాటలు బాధ కలిగిస్తవి. నవ్వు ఇప్పటికీ నవ్విస్తుంది. ఈ రెండూ ఒకే క్షణంలో జరుగుతవి.

మూసతో ప్రతులు తీసే పద్ధతి వచ్చిన తరువాత జాన్సన్ గొంతుకు గిరాకీ తగ్గిపోయినది. చివరి రోజులలో ఒక తోటి కళాకారుని కచేరిలో ద్వారపాలకుడుగా పనిచేసి, 1914లో కన్నుమూసినాడు. సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు. నూరేండ్లకు అక్కడ గుర్తురాయి వెలసినది. అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం జాతీయ ధ్వనిభాండాగారంలో భద్రపరచదగిన రికార్డుగా 2013 సంవత్సరపు జాబితాలో అతని నవ్వుల పాటను చేర్చినది.

ఇప్పుడు మూడు పాటలనూ వరుసగా నిలిపి చూడండి. వరుస ఒకటే, నవ్వు ఒకటే. మొదటి పాటలో ఒక మనిషి తన రంగును తానే ఎగతాళి చేసుకొని నవ్వుతున్నాడు. రెండవ పాటలో నల్లవాడు మాయమైనాడు. అతని స్థానంలో లావుపాటి పోలీసు వచ్చినాడు. నవ్వు మిగిలినది, నవ్వినవాని పేరు మిగలలేదు. మూడవ పాటలో రాక్షసుడు భక్ష్యాలను చూచి నవ్వుతున్నాడు. ఎవరి రంగునూ కాదు, ఎవరి కులాన్నీ కాదు, ఎవరి అంగవైకల్యాన్నీ కాదు; నిండిన గంగాళాలను చూచి, తన ఆకలిని చూచి నవ్వుతున్నాడు. పరిహాసం లేని హాసం అది. భరతుని మెట్లలో అట్టడుగున ఉండదగిన ఆ అతిహసితం, నా దృష్టిలో మూడింటిలోకీ ఉత్తమమైనది. నవ్వు ఎంత బిగ్గరగా ఉన్నదని కాదు, ఎవరి మీద పడుతున్నదని అడిగితే మెట్లు తలక్రిందులవుతవి.

నా అభిప్రాయానికి కీలకం ఇక్కడ ఉన్నది. పాట అల్పమైనదని సిగ్గుపడనక్కరలేదు. పాట ఒక మనిషిని అల్పుని చేసినప్పుడు సిగ్గుపడవలెను. మనం సాధారణంగా దీనికి విరుద్ధంగా ప్రవర్తిస్తాము. భక్ష్యాల పాటను చాటున దాచుకొంటాము. నత్తివానిని, నల్లనిదానిని, మారుమూల పల్లె యాసను, అడవిబిడ్డల వేషాన్ని వెక్కిరించిన హాస్యగీతాలను కుటుంబసమేతంగా కూర్చుండి విని చప్పట్లు కొడతాము. అట్టి పాటలు మన చలనచిత్రాలలో తక్కువగా లేవు. తరగతిలో కూర్చున్న నత్తిబాలునికి ఆ పాట ఎట్లుంటుందో ఎన్నడైనా ఆలోచించినామా?

ఒక పాట మనిషిని అల్పుని చేసే మార్గం వెక్కిరింత ఒక్కటే కాదు. దక్షిణాఫ్రికాలో సాలమన్ లిండా అనే జులూ గాయకుడు ఉండేవాడు. 1939లో తన బృందంతో ‘ఎంబూబే’ అనే పాట పాడి రికార్డు ఇచ్చినాడు. ఆ మాటకు సింహమని అర్థం. బాల్యంలో పశువులు కాచిన ఆ మనిషి, తరువాత జొహన్నెస్‌బర్గులోని రికార్డుల కంపెనీలో సరుకు సర్దే పనివాడు. ఆ పాట మీది హక్కులకు అతనికి ముట్టినది 10 షిల్లింగులు. ఆ రికార్డు అమెరికా చేరినది. అక్కడి గాయకులు ‘ఉయింబూబే’ అన్న జులూ పలుకును సరిగా వినలేక ‘విమోవే’ అని పాడినారు. అర్థం లేని ఆ తమాషా మాటే జనానికి నచ్చినది. 1961లో కొత్త ఇంగ్లీషు మాటలతో ‘ది లయన్ స్లీప్స్ టునైట్’ అనే పేరుతో వచ్చిన పాట అమెరికాలో ప్రథమస్థానం ఆక్రమించినది. మరుసటి సంవత్సరమే లిండా పేదరికంలో మరణించినాడు. 1994లో ఆ పాట ‘ది లయన్ కింగ్’ బొమ్మల చిత్రంలో మరల వినిపించినది. చివరకు 2006లో, న్యాయస్థానంలో వ్యాజ్యం వేసిన తరువాత, ఒప్పందం కుదిరి లిండా కుమార్తెలకు వాటా దక్కినది.

ఆ పాటకు చిన్నపిల్లలు చిందులు వేస్తారు. వేయవలసినదే. అది పిల్లల పాట అని ఏ పండితుడైనా సిగ్గుపడితే అది హాస్యాస్పదం. కాని కట్టినవానికి పది షిల్లింగులిచ్చి పంపివేసిన సంగతికి లోకం సిగ్గుపడడానికి అరవై ఏడేండ్లు పట్టినది. మన జానపదుల నోట పుట్టిన పల్లవిని తీసుకొని, తెర మీద వారి పేరు వేయకుండ సాగిపోవడం మన దేశంలో మాత్రం ఎరుగని విషయమా? ఉడుపుకోతలలో పాడిన ముసలమ్మకు పేరు లేదు. పాట మాత్రం ఊరేగుతుంది.

వెక్కిరింత కాక, దోపిడి కాక, మూడవ అన్యాయం ఒకటున్నది. అది నిర్లక్ష్యం. 1961లో జపానులో క్యూ సకమోతో అనే యువకుడు ఒక పాట పాడినాడు. దానిని వ్రాసిన రొకుసుకె ఏయి, అమెరికాతో రక్షణ ఒడంబడికకు వ్యతిరేకంగా 1960లో సాగిన ఉద్యమం విఫలమైన నిరాశలో దానిని రచించినాడు. కన్నీరు జారకుండ ముఖం పైకెత్తి నడిచే ఒంటరి మనిషి పాట అది. పాశ్చాత్య దేశాల వ్యాపారులు దాని పేరు పలకడం కష్టమని ‘సుకియాకి’ అని మార్చినారు. సుకియాకి అనగా ఒక మాంసపు వంటకం. పాటకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ‘దేవదాసు’ చిత్రంలోని విషాదగీతానికి ‘పులిహోర’ అని పేరు పెట్టి పరదేశంలో అమ్మినట్లున్నది. ఆ పేరుతోనే 1963లో అది అమెరికాలో మూడు వారాలు ప్రథమస్థానంలో నిలిచినది. ఒక్క మాట అర్థం కాకపోయినా లక్షల మంది దానిని ప్రేమించినారు. ఆ ప్రేమ తప్పు కాదు. అర్థమేమని అడుగకపోవడమే లోపం.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. “రసాస్వాదనకు చరిత్ర ఎందుకు? పాట విని ఆనందించేవాని చెవిలో ఈ కన్నీటి కథలన్నీ పోస్తే ఆనందం విరిగిపోదా?” అని. విరిగిపోదని నా నమ్మకం. ‘వివాహ భోజనంబు’ విన్నప్పుడు జాన్సన్‌ను తలచుకొన్నవానికి నవ్వు ఆగదు; ఆ నవ్వులో ఒక మనిషి కూడా చేరుతాడు. వండినవారి పేరు తెలిసినంతమాత్రాన అన్నం చేదుకాదు. తెలిసి తిన్న అన్నానికి కృతజ్ఞత అనే రుచి అదనంగా కలుస్తుంది.

రెండవ ఆక్షేపణ ఉపాధ్యాయులది. “గంతుల పాటలకు తరగతిగదిలో చోటిస్తే పోతన పద్యానికి చోటెక్కడ? బాలుర అభిరుచి దిగజారదా?” ఈ భయాన్ని నేను తేలికగా తీసివేయను. మంచి పద్యం తనంత తాను బాలుని వద్దకు రాదు. దానిని చేయిపట్టి తీసుకొని రావలెను. పాటకు ఆ అవసరం లేదు. అది పిలువకుండ వస్తుంది. కనుక తరగతి కాలంలో అధికభాగం పద్యానికే చెల్లవలెను, సందేహం లేదు. కాని పిలువకుండ వచ్చిన దానిని విచారించకుండ లోపలికి విడిచిపెట్టుట కూడా ప్రమాదమే. చాటున విన్న పాటను గురించి బాలుడు ఎవరినీ అడుగలేడు. అడుగలేనివాడు తూచలేడు. తూచలేనివానికి భక్ష్యాల పాటా, వెక్కిరింత పాటా ఒకటే. మనం ముఖం చిట్లించినందువల్ల అతని అభిరుచి పెరగదు. అతని వివేకానికి మనం అందకుండ పోతాము.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. నెలకు ఒక్క గంట కేటాయించండి. విద్యార్థులను తమకు నచ్చిన పాటను, చెప్పుకొనడానికి బిడియపడే పాటను సైతం, తెమ్మనండి. మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పవద్దు. మూడు ప్రశ్నలు వేయండి. ఈ పాట ఎవరిది? వ్రాసినవారు, కట్టినవారు, పాడినవారు, వారికి ముందు జనంలో పాడుకొన్నవారు ఎవరు? రెండవది: ఈ పాటలో మాటలకు అర్థమేమి? అర్థం లేని మాటలైతే ఆ ధ్వనులు చెవికి ఎందుకు ఇంపుగా ఉన్నవి? మూడవది: ఈ పాటలో నవ్వు ఎవరి మీద పడుతున్నది? ఆ మనిషి మన మధ్య కూర్చుంటే ఈ పాట పాడగలమా?

ఈ మూడు ప్రశ్నలలో సాహిత్యవిద్య అంతా ఇమిడి ఉన్నది. మొదటిది కవిపరిచయం, రెండవది శబ్దార్థవిచారం, మూడవది ఔచిత్యం. పాటతో అలవాటైన ప్రశ్న పద్యం వద్దకు కూడా నడిచిపోతుంది. ‘విమోవే’ అనే మాటలో పొరపాటు ఎట్లు పుట్టినదో విచారించిన బాలుడు, తాళపత్రంలో లేఖకుని పొరపాటువల్ల పాఠభేదం ఎట్లు పుట్టునో సులభంగా గ్రహిస్తాడు. ఘటోత్కచుని నవ్వును తూచినవాడు తెనాలి రామకృష్ణుని కథలలోని నవ్వును కూడా తూచగలడు. అప్పుడు మన పాఠ్యగ్రంథాలలో, మన శతకాలలో, స్త్రీలను, కులాలను చులకన చేసిన చోట్లు కూడా అతని కంటబడతవి. పడనివ్వండి. పూజ్యమైన పద్యమైనా సరే, మనిషిని చులకన చేసినచోట సిగ్గుపడే ధైర్యం సాహిత్యవిద్య ఇవ్వవలసినదే.

విద్యార్థులకు ఒక మాట. మీకు నచ్చిన పాటను ధైర్యంగా పాడుకొనండి. పెద్దలు ముఖం చిట్లిస్తే చిట్లించనివ్వండి. వారి కూనిరాగాలు వారికి ఉన్నవి. కాని ఆ పాట వెనుక ఒక మనిషి ఉన్నాడు. ఒకప్పుడు రేవుగట్టున నిలుచున్నాడు. ఒకప్పుడు రికార్డులు సర్దుతున్నాడు. ఒకప్పుడు మోకాలిలోతు బురదలో వరినాటు వేస్తున్నాడు. అతని పేరు కనుగొనడానికి ప్రయత్నించండి. దొరికితే పాటకు ముందు ఆ పేరు చెప్పండి. అతనిని గాని, మరొకరిని గాని కించపరచే మాట ఆ పాటలో ఉన్నదని తెలిసిననాడు, అక్కడ గొంతు కొంచెం తగ్గించండి. తగిన చోట కలిగిన ఆ సిగ్గే సంస్కారం.